ఆదివారం బ్రంచ్‌కి మిమోసానా, బక్స్ ఫిజ్జా, ఫ్రెంచ్ 75ఆ... ఏది మేలు?

డాలస్ దగ్గర మా ఇంట్లో నెలకోసారి ఆదివారం పదకొండింటికి బ్రంచ్ పెట్టుకుంటాం, నాలుగైదు ఫ్యామిలీలు వస్తాయి, టేబుల్ మీద ఒక పక్క పెసరట్టు ఉప్మా అల్లం పచ్చడి, ఇంకో పక్క ఆమ్లెట్లు, బ్రెడ్, పండ్లు. తాగేవాళ్ళకి తలా ఒక గ్లాసు సిట్రస్ వేసి బుడగల డ్రింక్ కలపడం నా పని. ఏడాది నుంచీ మార్చి మార్చి చేస్తున్నా, ఏది దేనికి సెట్ అవుతుందో ఇప్పుడు బాగా తెలిసొచ్చింది కాబట్టి రాస్తున్నా.

మిమోసా అంటే ఆరెంజ్ జ్యూస్ 75 ఎంఎల్, స్పార్క్లింగ్ వైన్ (బుడగలొచ్చే వైన్) 75 ఎంఎల్, సగం సగం, అంతే. మిమోసా అనే పసుప్పచ్చ పూల చెట్టు పేరే దీనికి పెట్టారు. బక్స్ ఫిజ్ కూడా అవే రెండు, కాకపోతే జ్యూస్ ఒక వంతయితే వైన్ రెండు వంతులు, 1921లో లండన్‌లో బక్స్ క్లబ్‌లో మొదలైంది. చూడ్డానికి రెండూ ఒకటేలా ఉంటాయి గానీ నాలుక మీద తేడా తెలిసిపోతుంది, మిమోసాలో ముందు పండు తగులుతుంది, బక్స్ ఫిజ్‌లో ముందు వైన్ పులుపు, బుడగల చురుకు తగిలి ఆరెంజ్ వెనకాల వస్తుంది.

మరి ఏది మేలు అంటే పక్కన ఏం తింటున్నారో చూడాలి, ఇది మా టేబుల్ దగ్గరే అర్థమైంది. అల్లం పచ్చడి నంజుకుని బక్స్ ఫిజ్ తాగితే కారం ఇంకా భగ్గుమంటుంది, బుడగలూ ఆల్కహాలూ రెండూ మంటని పెంచేవే కదా, అదే మిమోసా అయితే జ్యూస్‌లో తీపి ఉంటుంది కాబట్టి నోరు చల్లబడుతుంది. ఆమ్లెట్, చీజ్, వెన్న రాసిన బ్రెడ్ తినేవాళ్ళకి మాత్రం బక్స్ ఫిజ్జే బాగుంటుంది, ఆ జిడ్డుని కడిగేస్తుంది. అందుకే నేను ముందే కలిపి జగ్గులో పెట్టను, ఎవరి ప్లేట్ చూసి వాళ్ళకి పోస్తా.

వైన్ ఏది కొనాలి అనే దాని మీద అందరికీ డౌట్ ఉంటుంది. జ్యూస్‌లో కలిపేదానికి ఛాంపేన్ వద్దండి, ఆ బాటిల్‌కి పెట్టే డబ్బంతా దాని సన్నటి రుచులకే, ఆరెంజ్ పడగానే అవి కనపడవు. మిగిలింది ఇటలీ ప్రొసెక్కో, స్పెయిన్ కావా. ప్రొసెక్కోలో బుడగలు పెద్ద ట్యాంకులో పుట్టిస్తారు, రుచి పియర్ పండులా మెత్తగా ఉంటుంది, కావాలో ఛాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెడతారు, అందుకని బుడగ గట్టిగా ఉండి జ్యూస్ కలిశాక కూడా నిలబడుతుంది. నా ఓటు కావాకే. ఏది కొన్నా లేబుల్ మీద బ్రూట్ అని ఉందో లేదో చూడండి. వైన్‌లో డ్రై అంటే తీపి లేనిది కదా, ఎక్స్‌ట్రా డ్రై అని ఉంటే తీపి ఇంకా తక్కువేమో అనుకుని మేము చాలాసార్లు తెచ్చాం, కానీ బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపే పంచదార, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17, అంటే అదే ఎక్కువ తీపి, పైన ఆరెంజ్ కూడా పడితే సిరప్ తాగినట్టే. ఇంకోటి, టెక్సస్‌లో షాపుల్లో ఆదివారం వైన్ పొద్దున పదింటి నుంచే అమ్ముతారు, 2021కి ముందు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆగాల్సొచ్చేది, అందుకే శనివారమే తెచ్చి ఫ్రిజ్‌లో పడెయ్యడం మంచిది. రాత్రంతా చల్లబడాలి కూడా, గోరువెచ్చటి బాటిల్ తెరిస్తే సగం నురగై కారిపోతుంది.

జ్యూస్ విషయంలో మాత్రం నేను రాజీ పడను. నేవెల్ ఆరెంజ్ తినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ జ్యూస్ తీసి గంట రెండు గంటలు ఉంచితే చేదెక్కుతుంది, లిమోనిన్ అనే పదార్థం పిండిన తర్వాత మెల్లగా తయారవుతుంది. వాలెన్షియా ఆరెంజ్‌కి ఈ గోల చాలా తక్కువ. నేనైతే వాళ్ళు కారు దిగే టైమ్‌కి పిండి, టీ జల్లెడలో రెండుసార్లు వడకడతా, ఎందుకంటే గుజ్జు ముక్క ఉందంటే దాన్ని పట్టుకుని బుడగలన్నీ ఒక్కసారే లేచి గ్లాసు పొంగిపోతుంది. పోసేటప్పుడు గ్లాసు కొంచెం వంచి ముందు వైన్, ఆ తర్వాత జ్యూస్ సన్నటి ధారగా అంచు మీదుగా వదలాలి, జ్యూస్ బరువు కాబట్టి దానంతటదే కిందికి దిగుతూ కలిసిపోతుంది, పసుపు రంగు మెలికలు తిరుగుతూ దిగడం చూస్తుంటే భలే ఉంటుంది. స్పూన్ పెట్టి తిప్పకండి, గ్యాస్ పోతుంది.

నవంబర్ తర్వాత ఇక్కడ రియో గ్రాండ్ వ్యాలీ నుంచి ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ (పంపర పనస లాంటి పండు) వస్తుంది, టెక్సస్ స్టేట్ ఫ్రూట్ అదే, ఆరెంజ్ బదులు అది పోస్తే రంగు గులాబీ, చివర్లో సన్న చేదు, నిజం చెప్పాలంటే రుచిలో నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం. కానీ మా మామయ్యగారు కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వేసుకుంటారు, గ్రేప్‌ఫ్రూట్ ఆ మందు ఒంట్లో విరగకుండా అడ్డుపడి రక్తంలో డోసు పెంచేస్తుంది, బీపీ మందుల్లో కూడా కొన్నిటికి ఇదే సమస్య. అందుకని ఎవరికైనా పోసే ముందు ఏం టాబ్లెట్లు వాడుతున్నారో అడుగుతా, పెద్దవాళ్ళున్న ఇంట్లో అసలు ఆరెంజే మేలు.

ఫ్రెంచ్ 75 సంగతి వేరు. జిన్ 30 ఎంఎల్, నిమ్మరసం 15, పంచదార పాకం 15, ఐస్‌తో బాగా షేక్ చేసి గ్లాసులోకి వడకట్టి పైన 60 ఎంఎల్ స్పార్క్లింగ్ వైన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వాడిన 75 మిల్లీమీటర్ల ఫిరంగి పేరు దీనిది, రుచి మాత్రం మన నిమ్మకాయ సోడాకి దగ్గర చుట్టం, అందుకే మా వాళ్ళందరికీ మొదటి గుక్కకే నచ్చేసింది. అదే ఇబ్బంది కూడా. లెక్క వేసి చూస్తే మిమోసా గ్లాసులో అసలు ఆల్కహాల్ 8, 9 ఎంఎల్ ఉంటే ఇందులో 19 దాకా ఉంటుంది, తియ్యగా పుల్లగా ఉండి తెలీకుండా రెండు దిగిపోతాయి, పొద్దున పదకొండింటికి అది చాలా ఎక్కువ. పిల్లల్ని కార్లో ఎక్కించుకుని ఇంటికెళ్ళాల్సిన వాళ్ళున్న చోట నేను ఇది చెయ్యడం మానేశాను, సాయంత్రం పార్టీకి ఉంచుకుంటా. డ్రైవ్ చేసేవాళ్ళకి అలాంటి పొడవాటి సన్న గ్లాసులోనే (ఫ్లూట్ అంటారు) ఆరెంజ్ జ్యూస్, సోడా, రెండు చుక్కల నిమ్మరసం.

ఒక 750 ఎంఎల్ బాటిల్‌కి మిమోసాలు పది వస్తాయి, బక్స్ ఫిజ్ అయితే ఏడు. పదిమంది వస్తే నేను రెండు బాటిళ్ళు, నాలుగు కిలోల ఆరెంజ్ తెస్తా.

ఇండియాలో ఉన్నవాళ్ళు బత్తాయితో చెయ్యొచ్చా అని మా వదిన హైదరాబాద్ నుంచి అడిగింది. హాయిగా చెయ్యొచ్చు వదినా, నల్గొండ కాయ దొరికితే ఇంకా మంచిది, కానీ బత్తాయిలో పులుపు తక్కువ కాబట్టి గ్లాసుకి అర చెంచా నిమ్మరసం పిండు, లేకపోతే చప్పగా ఉంటుంది, జ్యూస్ కూడా పిండిన వెంటనే పోసెయ్, అది కూడా నిలవుంటే చేదెక్కే రకమే. వైన్‌కి నాసిక్‌లో చేసే సులా బ్రూట్ సరిపోతుంది.