స్టీమా, హైవా: తొలి అడుగు ఎటు?

పోస్టులు రాసి క్రిప్టో టోకెన్లు సంపాదించుకునే బ్లాక్‌చైన్ వేదికలివి, రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవే. స్టీమ్ 2016లో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో దాని వెనకున్న స్టీమిట్ కంపెనీ, ట్రాన్ అనే మరో క్రిప్టో వేదిక పెట్టిన జస్టిన్ సన్ చేతికి వెళ్ళింది. కంపెనీ టోకెన్ల ఓటు బలంతో చైన్ మొత్తం ఆయన గుప్పిట్లో పడుతుందని భయపడిన జనం మార్చి 20న విడిపోయి హైవ్ పెట్టుకున్నారు. ఖాతాలు, పాత పోస్టులు వెంట వచ్చాయి. కంపెనీ వాటా మాత్రం రాలేదు.

రెండుచోట్లా పోస్టు సంపాదన లెక్క ఏడో రోజున తేలుతుంది. స్టీమ్‌కు అదనంగా ఉన్నది పాత పేరు, అంతే. నా మొగ్గు హైవ్ వైపే: కలిసి కొట్లాడి నిలబెట్టుకున్న చోటు కదా, "ఇది మనది" అన్న పట్టుదల ఉంటుంది. కొత్తవాళ్ళు పోస్టులకంటే ముందు ఇతరుల పోస్టుల కింద ఓపిగ్గా కామెంట్లు రాయాలి, అప్పుడే పేరు గుర్తుంటుంది. ఒక్కటే చిరాకు, హైవ్‌లో పవర్ డౌన్ చేస్తే, అంటే ఓటు బలం కోసం కట్టిపెట్టిన టోకెన్లను బయటికి తీస్తే, అవి 13 వారాల పాటు విడతలుగా చేతికొస్తాయి.