ఆరేళ్లు వాడిన స్లైడింగ్ గేటు మోటార్

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు మా ఇల్లు. కారుకు విడిగా షెడ్డు లేదు, గేటు లోపలే పార్కింగ్. పన్నెండు అడుగుల ఇనుప స్లైడింగ్ గేటు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక దాన్ని తోయడం అమ్మ వల్ల కాలేదు. అందుకే 2019లో మోటార్ పెట్టించాను. 600 కిలోల గేటు దాకా లాగే సింగిల్ ఫేజ్ మోటార్, ఫిట్టింగ్‌తో కలిపి 27 వేలు అయింది.

ఏడాదిన్నర దాకా దాని జోలికి పోవాల్సిన అవసరమే రాలేదు. 2021 ఎండాకాలంలో గేటు సగం మూసుకుని ఆగి, మళ్లీ వెనక్కి పోవడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే ఒక మెకానిక్ వచ్చాడు. మూత విప్పి, బోర్డు మీద గేటును తోసే బలాన్ని మార్చే ఫోర్స్ నాబ్‌ను కుడివైపు తిప్పి పెంచి, ఐదు వందలు తీసుకుని పోయాడు. గేటు చక్కగా మూసుకుంది. నేనూ సంతోషపడ్డాను.

నెల తిరగకముందే ఒక పొద్దున అమ్మ గేటు దగ్గర కూరగాయల బండి ఆపి బేరం చేస్తోంది. చెయ్యి పిల్లర్ మీద ఉంది. నేను చూసుకోకుండా లోపలి నుంచి రిమోట్ నొక్కాను. గేటు వచ్చి ఆమె చేతిని పిల్లర్‌కు అదిమింది. ఇదివరకైతే తగలగానే వెనక్కి పోయేది. ఆ రోజు పోలేదు. "ఆగుతలేదు బిడ్డా" అని అమ్మ అరుస్తుంటే నేను ఉరికి వచ్చి బటన్ నొక్కేలోపు మణికట్టు కమిలిపోయింది. ఎముక విరగలేదు, అంతవరకు అదృష్టం.

ఆ రాత్రి నిద్ర పట్టక, మోటార్‌తో వచ్చిన పుస్తకాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. గేటు సగంలో వెనక్కి పోవడం మోటార్ లోపం కాదని అప్పుడు అర్థమైంది. కింద చక్రం బిగుసుకుంటే గేటు బరువెక్కుతుంది. మోటార్‌కు అది ఏదో అడ్డం తగిలినట్టే ఉంటుంది కాబట్టి వెనక్కి తిప్పుతుంది. ఫోర్స్ పెంచడమంటే అడ్డం వచ్చినా లెక్కచేయకుండా తోసెయ్యమని దానికి చెప్పడమే.

తెల్లారి ఎంసీబీ ఆపేసి, గేటును మోటార్ పట్టు నుంచి విడిపించే రిలీజ్ లివర్‌ను తాళం చెవితో తిప్పి, గేటును చేత్తో తోసి చూశాను. ఒక చేత్తో కదలాల్సిన గేటుకు ఒళ్లంతా బలం పెట్టాల్సి వచ్చింది. ట్రాక్ నిండా ఎర్రమట్టి, కంకర. పైగా సాఫీగా నడవాలని నేనే గ్రీజు పూసి ఉన్నాను, ఆ జిడ్డుకు దుమ్ము పట్టుకుని గట్టిపడింది. రెండు చక్రాల్లో ఒకదాని బేరింగ్ తుప్పు పట్టి తిరగడమే లేదు. వెల్డింగ్ షాపు అన్నను పిలిచి రెండు చక్రాలూ మార్పించాను, 1,400 అయింది. ట్రాక్‌ను కిరోసిన్ గుడ్డతో తుడిచి, పొడిగా వదిలేశాను. తర్వాత ఫోర్స్ నాబ్‌ను పాత గుర్తు కంటే కూడా తగ్గించాను. గేటు హాయిగా నడిచింది.

కొత్త చక్రాలతో గేటు ఎత్తు కొంచెం మారింది కాబట్టి ర్యాక్‌ను, అంటే గేటుకు బిగించిన పళ్ల పట్టీని కూడా సరిచేయాల్సి వచ్చింది. ర్యాక్ పళ్లకూ, దాన్ని లాగే మోటార్ పళ్ల చక్రం (పినియన్) పళ్లకూ మధ్య ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రెండు హాక్సా బ్లేడ్లు కలిపి దూర్చితే దాదాపు సరిపోతుంది. ఖాళీ లేకపోతే గేటు బరువంతా పినియన్ మీద పడి గేరుబాక్స్ పాడవుతుంది. ఎక్కువైతే పళ్లు జారి కటకటమంటాయి. ఒక్కచోట చూస్తే చాలదు, గేటును ఆ చివర నుంచి ఈ చివర దాకా చేత్తో జరుపుతూ చూడాలి. నాకు ఒక పూట పట్టింది. గేటు ఎక్కడ ఆగాలో మోటార్‌కు తెలిపే లిమిట్ మాగ్నెట్లు ర్యాక్ చివర్లలో ఉంటాయి, అవి జరిగితే తెలిసేలా పక్కన పెయింట్ గీత పెట్టుకున్నాను.

ఆ వారమే ఫోటోసెల్స్ కూడా పెట్టించాను, గేటు దారిలో వాటి కిరణానికి ఎవరైనా అడ్డం వస్తే గేటు మూసుకోదు. మొదట్లో ఖర్చని వద్దన్నది నేనే, అది నా తప్పు. కొత్తగా మోటార్ పెట్టించేవాళ్లు ఫోటోసెల్స్‌ను మాత్రం వదులుకోవద్దు. ట్రాక్ రెండు చివరలా గట్టి ఇనుప స్టాపర్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. లిమిట్ పనిచేయని రోజున గేటు పైన గైడ్ రోలర్లలోంచి బయటికొచ్చి పడిపోతే కింద ఉన్న మనిషి బతకడం కష్టం. పోరగాళ్లు ఆడుకునే ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

మిగతావి చిన్న విషయాలు. 2022 వానాకాలంలో బల్లి లోపలికి దూరి బోర్డు కాలిపోయింది, 6,500 పెట్టి కొత్తది వేయించి, వైర్లు వచ్చే కంతను సిలికాన్‌తో మూసేశాను. తర్వాతి ఏడాది మోటార్ గుంయ్‌మంటూ తిరగకుండా ఉండిపోయింది. కెపాసిటర్ పోయిందట. ప్రకాశం బజార్‌లో పాతదాని మీద రాసినంత మైక్రోఫారడ్‌దే తెచ్చాను. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి దాన్ని నేను ముట్టుకోలేదు, మోటార్ వైండింగ్ ఆయనతోనే వేయించాను. చెల్లి పెళ్లప్పుడు మధ్యాహ్నం ఎండలో గేటు పదేపదే తెరుస్తుంటే మోటార్ వేడెక్కి తనంతట తానే ఆగింది. అరగంట చల్లారనిస్తే మళ్లీ నడిచింది.

మళ్లీ కొనాల్సి వస్తే 24 వోల్టుల డీసీ మోటార్, బ్యాటరీతో ఉన్నది తీసుకుంటాను. కరెంటు పోయినప్పుడల్లా రిలీజ్ చేయడం అమ్మకు కష్టంగా ఉంది. లివర్ ఎలా తిప్పాలో మాత్రం నేర్పాను, ఆ తాళం చెవి దేవుడి గూటి పక్కన మేకుకు ఉంటుంది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ట్రాక్ ఊడ్చి, గేటును చేత్తో తోసి చూస్తాను. ఆ తర్వాత ఫోటోసెల్ కిరణానికి కింద ఉండేలా పిల్లర్‌కు పాత దిండు ఆనించి గేటు మూస్తాను. దిండు కొంచెం నొక్కుకోగానే గేటు వెనక్కి పోవాలి. రిమోట్ అమ్మే నొక్కుతుంది. గేటు వెనక్కి తిరిగాకే ఆమె ఇంట్లోకి పోతుంది.