డౌన్ పేమెంట్ ఇప్పిస్తామనే ఏజెంట్లతో జాగ్రత్త (పాలమూరు వైపు ఇల్లు కొనేవాళ్లకు)

మహబూబ్‌నగర్‌లో మొదటిసారి ఇల్లు కొంటున్నవాళ్లు ముందు ఇది చదవండి, ఆ తర్వాతే ఎవరికైనా ఆధార్, పాన్ కాపీలు ఇవ్వండి.

మెట్టుగడ్డ దగ్గర ఒక ఏజెంట్ నాతో "చేతిల పైసల్లేకున్నా ఫికర్ లేదన్నా, డౌన్ పేమెంట్ మేమే చూసుకుంటం, సెంట్రల్ సబ్సిడీ ముందే వస్తది" అన్నాడు. ఫైల్ చార్జీ అని 15 వేలు ఫోన్‌పే చేయించుకున్నాడు, అదీ ఆఫీసు ఖాతాకు కాదు, ఎవరిదో ఆడమనిషి పేరున్న నంబరుకు. రసీదు అడిగితే "శాంక్షన్ అయినంక ఇస్త" అని దాటేశాడు.

మేం చూసిన ఇల్లు ఏనుగొండ వైపు, 32 లక్షలు. 30 లక్షల లోపు హోమ్ లోన్ అయితే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, అంటే 28.8 లక్షలు. మిగతా 3.2 లక్షలు మనవే, దానిమీద రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం లెక్కన ఇంకో 2.4 లక్షలు. ఈ ఐదారు లక్షల దగ్గర మనం తండ్లాడుతుంటామని వీళ్లకు బాగా తెలుసు, దందా అంతా అక్కడే.

సబ్సిడీ అప్లికేషన్ అంటూ ఓటీపీలు చెప్పించుకుని అతను చేసిందేంటంటే, నా పేరు మీద పర్సనల్ లోన్! ప్రాసెసింగ్ చార్జీ కోసుకుని మిగిలింది ఖాతాలో పడింది, వెంటనే ఈఎంఐ తేదీతో మెసేజ్. ఫోన్ చేస్తే "అది పేరుకేనన్నా, సబ్సిడీ రాంగనే క్లోజ్ అయితది" అంటాడు. బ్యాంకులో మేడం సిబిల్ రిపోర్ట్ (మన అప్పుల చిట్టా) తెరిచి, స్క్రీన్ మీద ఆ కొత్త అప్పును పెన్నుతో చూపించి, మార్జిన్ మనీ (మన వాటాగా కట్టే డౌన్ పేమెంట్) కూడా అప్పేనా అని అడిగింది. నా ఆదాయంలోంచి ఆ ఈఎంఐ తీసేసి లెక్కేస్తే హోమ్ లోన్ 19 లక్షలకు దిగిపోయింది. దీనికి అతని మందు, అగ్రిమెంట్‌లో రేటు పెంచి రాయిద్దామని. బ్యాంకు తన వాల్యూయర్‌తో విలువ కట్టించుకుంటుంది, పైగా పెంచి రాస్తే స్టాంప్ డ్యూటీ మన నెత్తిన పడుతుంది!

సబ్సిడీ అబద్ధం కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది, కానీ ఏడాది ఆదాయం 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. ఎక్కువలో ఎక్కువ 1.80 లక్షలు, అదీ ఐదు విడతల్లో లోన్ ఖాతాకే జమవుతుంది. మా 28.8 లక్షల ఫైల్‌కి అసలు వర్తించదు, ఆ సంగతి అతనికి తెలియకుండా ఉంటుందా?

డౌన్ పేమెంట్‌కి నిజంగా దారి కావాలంటే, ఉద్యోగస్తులు ముందు పీఎఫ్ చూసుకోండి. ఇంటి కోసం పీఎఫ్ డబ్బు తీసుకునే ఫారం 31తో ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు, అది అప్పు కాదు కాబట్టి సిబిల్‌లోకి ఎక్కదు. ఇప్పటికే ఇలా ఓటీపీ చెప్పేసినవాళ్లు ఏజెంట్‌ని బతిమాలుతూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అదే మనిషి జడ్చర్ల వైపు కరపత్రాలు పంచుతున్నాడని విన్నాను. అక్కడ ఇల్లు చూస్తున్నవాళ్లు ఎవరైనా "జీరో డౌన్ పేమెంట్" అంటే, ఏ బ్యాంకు, ఏ స్కీమ్, ఎవరి ఖాతాకు వస్తుంది అని కాగితం మీద రాసిమ్మని అడగండి.