డీఈసీ మాత్ర: కాలికి కాదు, రక్తానికి

బోదకాలు (ఫైలేరియా) అడ్డుకోవడానికి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఉచితంగా ఇచ్చే డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్) మాత్ర మీద ఎక్కువగా వినపడే ఫిర్యాదులు రెండు. “నాకేం జబ్బు లేదుగా, ఎందుకు మింగాలి?” అన్నది ఒకటి, “మింగితే జ్వరమొచ్చింది” అన్నది రెండోది.

ఫైలేరియా ఒంట్లో చేరాక ఏళ్ల తరబడి పైకేమీ కనపడదు. పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లో కాపురముంటాయి. వాటి పిల్లలు రాత్రిళ్లు రక్తంలోకి వస్తే, కుట్టిన క్యూలెక్స్ దోమ ఇంకొకరికి మోసుకుపోతుంది. డీఈసీ రక్తంలోని ఆ పిల్లపురుగుల్ని తుడిచేస్తుంది. అవి చచ్చేటప్పుడు ఒళ్లు ఎదురుతిరగడం వల్లే జ్వరం, తలనొప్పి వస్తాయి. పురుగులు ఎక్కువున్నవాళ్లకే ఈ బాధ ఎక్కువ, మామూలుగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

100 మి.గ్రా. బిళ్లలు 2–5 ఏళ్లవాళ్లకు 1, 6–14 వాళ్లకు 2, 15 దాటితే 3. తోడుగా నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒకటి, నమిలి మింగాలి. పరగడుపున వద్దు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. పథకం దెబ్బతినేది “అన్నం తిన్నాక వేసుకుంటాంలే” అన్నచోటే. మాత్ర గూట్లోకి పోతుంది, రిజిస్టర్లో మింగినట్టు టిక్కు పడుతుంది. అందుకే కార్యకర్త ఎదుటే మింగాలన్న నియమం.

ఈ మందు 1947లో హెట్రజాన్ పేరుతో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫైలేరియా సోకిన పత్తి ఎలుకల మీద పరీక్షించి, పైపెరజైన్ జాతి రసాయనాల్లోంచి దీన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడే ఆయన పోయారు. బోదకాలుతో తరతరాలు బాధపడ్డ గోదావరి జిల్లాల్లో ఆయన మాత్రే గూట్లో మిగిలిపోతుంటే మనసు చివుక్కుమంటుంది.

లోపాలూ ఉన్నాయి. పెద్ద పురుగులన్నిటినీ ఇది చంపలేదు. కనీసం అయిదేళ్లు ఏటా ఇచ్చేది అందుకే. ఉబ్బిపోయిన కాలిని మామూలు చేయలేదు. దానికి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకోవాలి. వరిబీజానికి ఆపరేషనే దారి.

రక్తపరీక్షలో పురుగు తేలితే ఒక్కరోజు మోతాదు చాలదు. డాక్టరు పర్యవేక్షణలో కిలో బరువుకు రోజుకు 6 మి.గ్రా. చొప్పున 12 రోజులు వాడాలి. స్లైడ్ కోసం రక్తం రాత్రి 8:30 దాటాక ఇవ్వండి, పగలు తీస్తే పురుగున్నా దొరక్కపోవచ్చు.