బీపీ చూపించే వాచీ కొంటున్నారా? మా ఇంట్లో ఆనపకాయకి కూడా బీపీ నార్మలే వచ్చింది

వైజాగ్ వాళ్లూ, ముఖ్యంగా ఇంట్లో అరవై దాటిన అమ్మానాన్నలు ఉన్నవాళ్లూ, చేతికి పెట్టుకుంటే చాలు బీపీ చెప్పేస్తుంది అని తక్కువ రేటుకి అమ్మే వాచీలు కొనకండి. మేం కొని మోసపోయాం. పోయిన 2,199 రూపాయలు ఎలాగోలా వస్తాయి, వృథా అయిన ఎనిమిది నెలలే నా బాధ.

మా నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే ఎంవీపీ నుంచి లాసన్స్ బే దాకా నడిచి వస్తారు, సిగరెట్ లేదు, మందు లేదు, అందుకని నాకేంట్రా అనే ధీమా. క్రితం ఏడాది జ్వరం అని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బీపీ 148/92 వచ్చింది. ఒక్కసారి చూసి బీపీ ఉందని అనేయకూడదు, అందులోనూ జ్వరంలో ఉన్నారు, తగ్గాక వారం రోజులు ఇంట్లోనే పొద్దునా సాయంత్రం చూసి రాసుకుని రండి అన్నారాయన. అక్కడ మామూలు బీపీ మిషను కొంటే సరిపోయేది. నేనే అతి తెలివికి పోయి ఆఫర్లో వాచీ బుక్ చేశా, అడుగులు, నిద్ర, బీపీ అన్నీ ఒకదాంట్లోనే వస్తాయి కదా అని.

వాచీ వచ్చిన రోజు యాప్ ఒక ప్రశ్న అడిగింది, మీ మామూలు బీపీ ఎంత అని. నాన్నగారు 120/80 అని కొట్టేశారు. అంతే ఇంక, ఎప్పుడు చూసినా 119/78, 122/80, 121/79, అటూ ఇటూ ఒకటి రెండు. మేం కూడా అబ్బా ఎంత బాగుందో అనుకున్నాం. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు, అమ్మ ఆవకాయ జాడీ దాచడం మానేసింది, ఆదివారం ఎండు నెత్తళ్లు మళ్లీ మొదలు.

పోయిన నెల పేపర్లో అక్షరాలు ఆనట్లేదంటే కళ్లజోడు మార్పిద్దామని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. చుక్కలు వేసి, లైటు పెట్టి లోపలికి చూసిన ఆవిడ, బీపీ ఎన్నాళ్ల నుంచండీ అని అడిగారు. నాకు బీపీ లేదమ్మా అని నాన్నగారు దర్జాగా చెయ్యి చాపి వాచీ చూపించారు. ఆవిడ వాచీ వైపు చూడను కూడా చూడలేదు, సిస్టర్‌ని పిలిచి పట్టీ కట్టించారు. 176/104. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 172/102. వాచీలో మాత్రం 121/79. కంటి వెనకాల సన్నటి రక్తనాళాలు నేరుగా కనిపిస్తాయట, బీపీ చాలాకాలం ఎక్కువుంటే అవి ఇరుకైపోయి అక్కడే బయటపడుతుందట.

తర్వాత గుండెకి ఈసీజీ, ఎకో, కిడ్నీలకి క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ టెస్టు చేయించాం. కిడ్నీలు బాగానే ఉన్నాయి దేవుడి దయ వల్ల, గుండె గోడ మాత్రం కొంచెం మందమైంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురు కొట్టీ కొట్టీ కండ అలా అవుతుందట. ఇంత జరిగినా మనిషికి తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, అదే దీంతో వచ్చిన తంటా. బీపీ ఉన్నవాళ్లలో సగానికి దగ్గర మందికి అది ఉన్నట్టే తెలీదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. చాలామందికి పక్షవాతమో గుండెపోటో వచ్చాకే తెలుస్తుంది.

ఇంటికొచ్చి కోపం ఆగక ఆ వాచీని వంటింట్లో ఉన్న ఆనపకాయకి కట్టా, ఎంవీపీ రైతుబజార్లో తెచ్చింది, బెల్టు ఆఖరి చిల్లు దాకా లాగితే గానీ సరిపోలేదు. కింద ఆ పచ్చ లైటు టిక్కు టిక్కుమంది. అర నిమిషంలో 118/77, గుండె వేగం 74. అమ్మ చూసి, మీ నాన్న కంటే దీనికే బాగుందిరా ఆరోగ్యం అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే రిటర్న్ టైం అయిపోయింది సార్ అన్నాడు, గట్టిగా అడిగితే అట్ట వెనక చదవండి అన్నాడు. నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో, వైద్య అవసరాలకు కాదు అని. ముందు వైపు మాత్రం బీపీ మానిటర్ అని ఎర్రక్షరాలు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చా, చూడాలి.

కొనాలనుకుంటే మోచేతి పైన పట్టీ చుట్టుకునే మిషనే కొనండి. పట్టీ బిగిసి రక్తాన్ని కాసేపు ఆపి వదిలితేనే కొలత వస్తుంది, లైటు వేసి నాడి చూసే చౌక వాచీకి ఆ పని ఎక్కడ. కొనే ముందు టేపుతో జబ్బ చుట్టుకొలత చూసుకోండి, లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తెచ్చాక ఒకసారి డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లి వాళ్ల మిషన్‌తో పోల్చుకోండి. చూసుకునేటప్పుడు టీ తాగి అరగంట అవ్వాలి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా నిమిషం తేడాతో రెండుసార్లు (మా నాన్నగారికి ఆ మాట్లాడకపోవడమే కష్టం). ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే డాక్టర్‌కి చూపించాలి. 180/120 దాటి గుండెల్లో నొప్పో, మాట ముద్దగా రావడమో, ఒక చెయ్యి పడిపోవడమో ఉంటే ఇంక మిషన్ పక్కన పడేసి 108కి కొట్టండి. మిషన్ కొనే స్తోమత లేకపోతే దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్లో ఫ్రీగా చూస్తారు, ముప్పై దాటినవాళ్లు కూడా వెళ్లొచ్చు.

ఇప్పుడు నాన్నగారు రోజుకో మాత్ర వేసుకుంటున్నారు, ఆవకాయ జాడీ మళ్లీ అటక ఎక్కింది. వాచీ ఏదీ నమ్మనని గోడ క్యాలెండర్లో తిథి పక్కనే పెన్సిల్‌తో రాసుకుంటున్నారు. ఇవాళ పొద్దున గడిలో 138/86 ఉంది.