రాడ్ ఓవెన్: ఆరేళ్ల వాడకం, ఒక ఎర్ర లైటు

గాజువాక ఆటోనగర్‌లోని మా షెడ్డుకి ఈ 5 కిలోల పోర్టబుల్ రాడ్ ఓవెన్, అంటే వెల్డింగ్ రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే డబ్బా, వచ్చి ఆరేళ్లయింది. మొదటి ఏడాది అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనమని చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు దాని ఎర్ర లైటు సంగతి చెప్పి, ఆ తర్వాతే మిగతాది చెబుతున్నాను.

7018 రకం వెల్డింగ్ రాడ్లు వాడేవాళ్లకు విశాఖ గాలి ఎంత తలనొప్పో తెలుసు. ప్యాకెట్ విప్పి వదిలేస్తే రాడ్డు మీది పూత, అదే కోటింగ్, చెమ్మ లాగేస్తుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో రాడ్డును వెల్డ్ చేసే ఇనుముకి అంటించి, షార్ట్ చేసి వేడెక్కించేవాళ్లం. కోటింగ్ పాడయ్యేదే గానీ చెమ్మ పూర్తిగా పోయేది కాదు. ఓవెన్ వచ్చాక ఆ తిప్పలు పోయాయి. వేడి రాడ్డు తీసి గీస్తే ఒక్క గీతకే ఆర్క్ అందుకుంటుంది. వెల్డ్ మీద పేరుకునే స్లాగ్ పెచ్చులా లేచి వస్తుంది. ఆ సుఖానికి నిజంగానే అలవాటు పడిపోయాను.

మూడో ఏడు ఆగస్టు ముసురులో 25 ఎంఎం ప్లేట్లతో బ్రాకెట్లు చేస్తున్నాం. మొదటిరోజు వెల్డ్ మొదలుపెట్టిన చోట రెండు మూడు పిన్‌హోల్స్ (సూదిమొనంత రంధ్రాలు) కనిపిస్తే గ్రైండ్ చేసి మళ్లీ వేశాను. అప్పుడే ఆగాల్సింది. మూడోరోజు పొద్దున చూస్తే వెల్డ్ అంచు వెంబడి వెంట్రుకంత గీత. పగుళ్లలోకి ఎర్రరంగు ఇంకించి చూసే డీపీ టెస్ట్ చేస్తే, పైన కొట్టిన తెల్ల డెవలపర్ మీద జానెడు పొడవున ఎర్రగా ఊరింది. హైడ్రోజన్ క్రాక్ అంతే, రాడ్డు చెమ్మలోని హైడ్రోజన్ వెల్డ్‌లో చేరితే వచ్చే పగులు. వేసిన రోజు దొరక్కుండా ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది.

"ఓవెన్ ఆన్‌లోనే ఉంది బాబాయ్, లైటు చూడండి" అన్నాడు హెల్పరు. వెలుగుతూనే ఉంది. గ్లౌజు తీసేసి, మూత తెరిచి రాడ్డు పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా తగిలింది. విప్పి చూస్తే హీటర్ కాయిల్ చివర తుప్పు పట్టి తెగిపోయి ఉంది. లైటు వైర్లు మాత్రం నేరుగా ప్లగ్గు నుంచి వచ్చాయి. అంటే కరెంటు వస్తే చాలు, లోపల వేడి ఉన్నా లేకపోయినా అది వెలుగుతుంది. ఎన్నాళ్లుగా చల్లటి రాడ్లతో వెల్డింగ్ చేశామో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. నాలుగు బ్రాకెట్లకు పాత వెల్డ్ తవ్వి తీసేసి (గౌజింగ్), ప్లేట్లను ముందే వేడిచేసి (ప్రీహీట్), మళ్లీ మొదటి నుంచీ వేశాం. మొదటిసారి ప్రీహీట్ తక్కువైంది, అది నా తప్పే. కానీ వేడి లేదని చెప్పని లైటును ఓవెన్‌కి ఎందుకు పెట్టాలి? అమ్మినవాళ్లను అడిగితే అన్నీ ఇంతేనన్నారు. కాయిల్ మార్పించి, మూతకి రంధ్రం వేయించి డయల్ థర్మామీటర్ బిగించుకున్నాను. ముల్లు 100 దాటాకే రాడ్డు తీస్తాం. పొద్దున లైటు చూడొద్దని, ముల్లు చూడమని హెల్పరుకి నేర్పాను.

ఇంకోటి. చెమ్మెక్కిన రాడ్డును ఈ డబ్బా బాగుచేస్తుందని మొదట్లో నేనే చెప్పాను, అది సరికాదు. అలాంటివాటిని పెద్ద ఓవెన్‌లో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో కాల్చాలి. ఎంతసేపన్నది ప్యాకెట్ మీద ఉంటుంది. ఇది ఆ పొడిదనాన్ని కాపాడుతుందంతే. బయటికి తీసిన 7018కి నేను 4 గంటలు మించి ఇవ్వను, ముసురు పడితే అందులో సగమే. 6010 రాడ్లు మాత్రం ఇందులో పెట్టకండి, వాటి కోటింగ్‌కి కొంత చెమ్మ ఉండాల్సిందే.

గేట్లు, గ్రిల్స్ 6013 రాడ్లతో చేసుకునేవాళ్లకు దీని మీద డబ్బు పెట్టడం దండగ. నాకు మందపు ప్లేట్ల పని, అదీ సముద్రానికి దగ్గర్లో, కాబట్టి ఇది లేకుండా కుదరదు. ఇది పూర్తిగా పోతే మళ్లీ ఇదే కంపెనీది కొంటానో లేదో ఇప్పుడే చెప్పలేను. డయల్ ఉన్నది అదే ధరలో దొరికితే దానికే వెళ్తాను.