లేత్ ఉలికి ఏ రాయి మేలు? తెల్లదా, సీబీఎన్‌దా, వజ్రమా?

బెంచ్ గ్రైండర్ కొంటే రెండు బూడిదరంగు రాళ్లు దానికి బిగించే వస్తాయి. మామూలుగా ఒక పక్కది 36 గ్రిట్ ముతక, రెండో పక్కది 60. గ్రిట్ అంటే గింజ సైజు, అంకె పెరిగేకొద్దీ గింజ సన్నబడుతుంది. గడ్డపార మొన సాపు చేయడానికి, వెల్డింగ్ బొడిపెలు తీయడానికి అవి చాలు. మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు, పప్పుగుత్తులు తిప్పే లేత్ ఉలిని వాటికి ఆనిస్తే మాత్రం చూస్తుండగానే అంచు నీలం తిరుగుతుంది.

ఆ రాయిలో గింజలు మరీ గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఉలి తగిలి గింజ మొన మొద్దుబారినా రాయి దాన్ని వదలదు. మొద్దు గింజలన్నీ పైన చేరి రాయి ముఖం నున్నగా మెరుస్తుంది. ఇక అది కొయ్యదు, రుద్దుతుంది, వేడెక్కిస్తుంది. పదునుకు కావాల్సింది అరిగిన గింజను తానే రాల్చేసుకుని, కింది కొత్త గింజను పైకి తెచ్చే రాయి. అందుకే గట్టి ఉక్కుకు మెత్తని రాయి, మెత్తని ఇనుముకు గట్టి రాయి.

రాయి మెత్తదనం రంగులో ఉండదు, మధ్యలో అంటించిన కాగితం మీద ఉంటుంది. ‘డబ్ల్యూఏ 60 కె 5 వి’ అని ఉందనుకోండి. డబ్ల్యూఏ అంటే తెల్ల అల్యూమినియం ఆక్సైడ్. 60 గింజ సైజు. ‘కె’ పట్టు: ఎ నుంచి జెడ్ వరకు పోయేకొద్దీ రాయి గట్టిపడుతుంది. 5 గింజల మధ్య ఎడం. చివరి ‘వి’ మట్టి కాల్చినట్టు కాల్చి చేసిన బంధం. లేత్ ఉలికి జె లేదా కె చూసుకోవాలి. తెల్లగా ఉన్నా ‘ఎమ్’ దాటిందంటే బూడిదరంగు రాయితో పడే బాధలో సగం మిగిలే ఉంటుంది. కార్బొరండం యూనివర్సల్, గ్రైండ్‌వెల్ నార్టన్ లాంటి కంపెనీల రాళ్ల మీద ఈ అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. కాగితమే లేని రాయిని ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. ఎన్ని చుట్ల వరకు తట్టుకుంటుందో తెలియని రాయిని మొహం ముందు తిప్పుకోకూడదు.

రాయి సంగతి తేల్చే ముందు మీ దగ్గర ఉన్న ఉలులు ఏ ఉక్కువో చూసుకోండి. మన వైపు చాలామంది పెట్టెలో రెండు రకాలు కలిసి ఉంటాయి. కొన్నవి హైస్పీడ్ స్టీలు, వాడుకలో హెచ్‌ఎస్‌ఎస్. మిగతావి పాత ఆకురాయినో (ఫైలు) లారీ కమాను పట్టీనో కమ్మరి కొలిమిలో సాగదీసి చేయించినవి. హెచ్‌ఎస్‌ఎస్ దాదాపు 550 డిగ్రీల దాకా గట్టిదనం పోగొట్టుకోదు. దాని అంచు నీలం తిరిగినా కంగారు అక్కర్లేదు. వేడి మీద నీళ్లలో ముంచడమే తప్పు, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. కమ్మరి ఉలి సంగతి పూర్తిగా తిరగబడుతుంది. 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు కనపడుతుంది, 300 దగ్గర నీలం. నీలం వచ్చిందంటే అంతమేర ఉక్కు మెత్తబడినట్టే. ఆ భాగం మొత్తం అరగదీసి పారేస్తే తప్ప పదును నిలవదు. దాన్ని రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూనే పట్టాలి. ఉదయగిరి చెక్క స్పూన్ల పనిలో వాడే చేతి ఉలి కూడా ఇలాంటి ఉక్కుదైతే ఇదే లెక్క.

తెల్ల రాయి ఈ రెండు రకాలకూ సరిపోతుంది. అన్నిటికన్నా చవక, దొరకడమూ తేలిక. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై ప్యారిస్ కార్నర్ దుకాణాల్లో అడగవచ్చు. 8 అంగుళాల గ్రైండర్‌కు 200 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. మందం, 80 గ్రిట్, ‘కె’ పట్టు. ఒక్క రాయే కొనేటట్టయితే ఇదే కొనండి. ఉలి ఆకారం మార్చే పని తరచూ ఉంటే రెండో పక్కకు 46 గానీ 60 గానీ. గులాబీ రంగు రాయి తెల్లదానికి అన్నదమ్ముల బిడ్డే. కాస్త క్రోమియం ఆక్సైడ్ కలిపింది, అంచు కొంచెం ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది. అంతకుమించి తేడా ఆశించవద్దు.

తెల్ల రాయి లోపం దాని గుణంలోనే ఉంది. మెత్తది కాబట్టి అరుగుతుంది, గాడి పడుతుంది, గుండ్రం తప్పి ఉలి కింద దడదడలాడుతుంది. కాబట్టి రాయి ముఖాన్ని చెక్కి సాపు చేసే డ్రెస్సర్ ధరను రాయి ధరలో కలిపే లెక్క వేసుకోవాలి. చక్రాల డ్రెస్సర్ ముఖాన్ని ముతకగా విప్పుతుంది. ఉలి పదునుకు టీ ఆకారపు డైమండ్ డ్రెస్సర్ నయం. రాయి ముందుండే రెస్ట్ (ఉలి ఆనించే పలక) మీద ఆనించి, రాయిని ముట్టీ ముట్టనట్టు తాకిస్తూ పక్కలకు చురుగ్గా జరపాలి. మెల్లగా జరిపితే ముఖం మూసుకుపోయి మళ్లీ వేడెక్కిస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకోండి. ఇంకొకటి: 200 మి.మీ. రాయి అరిగి 170కి వచ్చేసరికి జిగ్‌లో (ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు) బిగించిన ఉలి వాలు కోణం మారిపోతుంది. అదే సెట్టింగులో పెట్టినా అంచు కలవదు.

సీబీఎన్ వీల్‌కు ఈ బాధ లేదు. క్యూబిక్ బోరాన్ నైట్రైడ్‌ను 1957లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ వెంటార్ఫ్ తయారుచేశాడు. గట్టిదనంలో వజ్రం తర్వాతి స్థానం దానిది. అల్యూమినియం లేదా ఉక్కు చక్రం మీద ఆ గింజలను నికెల్ పూతతో పట్టిస్తారు. వ్యాసం మారదు, గాడి పడదు, డ్రెస్సింగ్ అక్కర్లేదు, రాయిలా ముక్కలై ఎగరదు. చక్రం లోహం వేడిని లాగేస్తుంది కూడా. గట్టిపరిచిన హెచ్‌ఎస్‌ఎస్‌కు దీన్ని మించింది లేదు. 80 ఆకారానికి, 180 పదునుకు.

ధర తెల్ల రాయికి ఎన్నో రెట్లు. అంత పెట్టాక దాన్ని పాడుచేసుకునే దారులూ ఉన్నాయి. మెత్తని ఇనుము తగిలితే గింజల మధ్య ఇనుము పేరుకుని వీల్ జారుతుంది. కమ్మరి ఉలికి ముందు వేలెడంత మేరే గట్టిపరిచి ఉంటుంది. అది అరిగి మెత్తని భాగం వచ్చిన రోజు నుంచి ఆ ఉలి సీబీఎన్ దగ్గరికి పోకూడదు. బలంగా నొక్కినా, ఒకే చోట మొన గుచ్చినట్టు పట్టినా నికెల్ పూత లేచిపోతుంది. లేచిన చోట డ్రెస్ చేసి బాగుచేసే వీలు లేదు. పూత ఒక్క పొరే. కొత్తలో మరీ ముతకగా కోస్తుంది, అది లోపం కాదు, కొంత వాడాక కుదురుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉక్కు చక్రం కన్నా అల్యూమినియం చక్రం ఎంచుకోండి. ఉక్కుది తుప్పు పడుతుంది, బరువుకు 6 అంగుళాల చిన్న మోటారు లేవడానికి మూలుగుతుంది కూడా. ఓల్టేజీ పడిపోయే సాయంత్రాల్లో మరీనూ.

ఒంగోలు చుట్టుపక్కల ఇంకో ఆశ పుడుతుంది. చీమకుర్తి గ్రానైట్ పుణ్యమా అని డైమండ్ బ్లేడ్లు, కప్పు వీల్స్ చేతికందే దూరంలో ఉంటాయి. వజ్రాన్ని మించిన గట్టిది లేదు కదా, దానితోనే ఉలికి పదును పెడితే పోలా అనిపిస్తుంది. వజ్రం మొత్తం కార్బన్. వేడెక్కిన ఇనుము కార్బన్‌ను తనలోకి లాక్కుంటుంది. పొడిగా, వేగంగా తిరిగేటప్పుడు వజ్రపు గింజ మొనలు ఉక్కులోకి కరిగిపోతాయి. రాతిని కోసే గింజ హెచ్‌ఎస్‌ఎస్ దగ్గర త్వరగా చతికిలబడేది అందుకే. పైగా గ్రానైట్ కప్పులు చేతి గ్రైండర్ కోసం చేసినవి. వాటి పళ్ల సందుల్లో ఉలి మొన ఇరుక్కుంటే చేయి పోతుంది. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి కూడా ఉక్కుకు కాదు, కార్బైడ్ ముక్క అతికించిన టూల్‌కు. నీళ్లలో మెల్లగా చేత్తో రుద్దే డైమండ్ ప్లేటు మాత్రం బాగుంటుంది, అక్కడ వేడే పుట్టదు కాబట్టి. ఏటవాలు అంచున్న స్క్యూ ఉలికి చివరి నునుపు దానిమీదే తేవచ్చు.

నీళ్ల తొట్టిలో మెల్లగా తిరిగే యంత్రం, స్వీడన్ టోర్మెక్ లాంటిది, 250 మి.మీ. రాయిని నిమిషానికి 90 చుట్ల దగ్గర తిప్పుతుంది. కమ్మరి ఉలికి వరం. టేకు, తుమ్మ తిప్పుతూ రోజుకు ఇరవైసార్లు పదును కోసం లేచేవాడికి మాత్రం ఓపిక చాలదు. 

ఇక వేగం. మన 50 హెర్ట్జ్ కరెంటుకు మామూలు గ్రైండర్ నిమిషానికి 2850 చుట్ల దాకా తిరుగుతుంది. నాలుగు పోల్స్ మోటారైతే దాదాపు 1440. 200 మి.మీ. రాయి అంచు మొదటిదాంట్లో సెకనుకు 30 మీటర్లు, రెండోదాంట్లో 15 మీటర్లు పరుగెడుతుంది. కమ్మరి ఉలులు ఎక్కువుంటే 1440దే తీసుకోండి. ఒక మెలిక ఉంది: వేగం తగ్గితే రాయి ఇంకా మెత్తదానిలా ప్రవర్తిస్తుంది. 2850 దగ్గర ‘జె’ బాగుంటే 1440 దగ్గర అదే ‘జె’ ఊరికే రాలిపోతుంది, ‘కె’ తెచ్చుకోవాలి.

రెండు రకాల ఉలులు, రోజుకు నాలుగైదు మంచం కోళ్లు తిప్పే పని: 1440 గ్రైండర్, 80 ‘కె’ తెల్ల రాయి, టీ డ్రెస్సర్. ఉలులన్నీ హెచ్‌ఎస్‌ఎస్‌వే అయి, లేత్ పొద్దస్తమానం తిరిగే షాపైతే ఒక పక్క 180 సీబీఎన్, రెండో పక్క 60 తెల్లది ఉంచుకోవాలి. ఆ తెల్లది కమ్మరి ఉలి ఎవరైనా తెస్తే పట్టివ్వడానికి. డబ్బు ఒకదానికే ఉంటే సీబీఎన్ కన్నా ముందు మంచి రెస్ట్, జిగ్ కొనండి. కోణం ప్రతిసారీ మారిపోయే చేతికి ఏ రాయీ పదును ఇవ్వలేదు.

తెల్ల రాయి తెచ్చాక బిగించే ముందు దాని రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకు అంగుళం లోపల, మధ్య గీతకు రెండు వైపులా తట్టండి. కంగుమంటే బాగున్నట్టు, పగిలిన కుండలా మొద్దుగా పలికితే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. రంధ్రం 31.75 మి.మీ. ఉండి మీ షాఫ్ట్ సన్నదైతే రంధ్రాన్ని సన్నం చేసే సరైన బుష్ అడిగి తెచ్చుకోండి, కాగితం చుట్టి సర్దకండి. రెండు పక్కలా అట్ట వాషర్లు ఉండాలి. ఎడమ పక్క నట్టుకు మర తిరగేసి ఉంటుంది. రెస్ట్‌కూ రాయికీ మధ్య 3 మి.మీ. మించి సందు వద్దు. స్విచ్ వేసి, పక్కకు జరిగి, నిమిషం పాటు ఖాళీగా తిరగనిచ్చాకే ఉలి ఆనించండి.